రేచని పేరు: ఒక ఐతిహ్యము, దాని చరిత్ర

కొల్లాపురము నేలిన సురభివారు పద్మనాయక వెలమలు. జటప్రోలు సంస్థానమునకు ప్రభువులైన ఈ వంశమువారి గోత్రము రేచర్ల. రాచకొండ, దేవరకొండ దుర్గముల నేలిన నాయకులును, వేంకటగిరి వెలుగోటివారును ఈ గోత్రమువారే. సాధారణముగా గోత్రములు ఋషుల పేరిట ఉండును. ఈ గోత్రము మాత్రము ఒక పాలేరు పేరిట ఏర్పడినదని ఐతిహ్యము.

కాకతీయుల కాలమున ఆమనగల్లులో చెవ్విరెడ్డి యను కాపు ఉండెనట. నేటి నల్లగొండ జిల్లాలోని ఆమనగల్లు అది. ఒకనాడు అతడు తన పాలేరు రేచనితో కలిసి పొలము దున్నుచుండగా భూమిలో నిధి కనబడెను. నరబలి యిచ్చినగాని ఆ ధనము దక్కదని ఒక అదృశ్యవాణి పలికెను. అప్పుడు రేచడు తానే బలి యగుదునని ముందుకు వచ్చెను. అతడు మాల కులమువాడు. ప్రాణమునకు బదులుగా అతడు కోరినవి రెండే. తన పేరు చెవ్విరెడ్డి సంతతికి గోత్రము కావలెను. ఆ వంశమున పెండ్లి జరిగినపుడు ముందుగా తన కులమువారి పెండ్లి యొకటి జరిపింపవలెను. చెవ్విరెడ్డి మాట యిచ్చెను. ఆ నిధితో బలవంతుడై, పిల్లలమఱ్ఱి బేతాళనాయుడను పేర ప్రసిద్ధి చెందెనని కథ. చెప్పువారినిబట్టి వివరములు మారును గాని రేచని త్యాగము మాత్రము మారదు.

ఇందు చరిత్ర యెంత? ఈ వంశపు పూర్వకథలు వెలుగోటివారి వంశావళి యందు గలవు. ఆ గ్రంథమును నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము ప్రకటించెను. వంశావళులు ప్రభువుల కీర్తికొరకు కవులు కూర్చినవి. యుద్ధములను గూర్చి అవి చెప్పుమాటలను శాసనములతో సరిపోల్చవచ్చును. పొలములో వినబడిన వాణికి శాసనము దొరకదు.

రేచర్ల యను పేరు వెలమలకే పరిమితము కాదు. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలో 1208లో ఎఱకేశ్వరాలయము వెలసినది రేచర్ల రెడ్ల కాలముననే. పాలంపేటలోని రామప్పగుడిని 1213లో ప్రతిష్ఠించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుని సేనాని. కావున ఈ పేరు తొలుత ఒక ఊరిదై, అచ్చటి నుండి వచ్చిన కుటుంబములకు సంక్రమించియుండవచ్చును. మాచర్ల మొదలగు ఊరిపేర్లలోని "చర్ల" చెరువునుండి పుట్టినదందురు. అట్లయిన రేచర్ల యనగా రేచని చెరువు గల ఊరు కావచ్చును. ఆ లెక్కను తీసికొన్నను ఎవడో యొక రేచడు మిగులుచునే యున్నాడు.

శాసనము ఆగినచోట చారిత్రక నవలాకారుని పని మొదలగును. పాలమూరు సీమలోని వర్ధమానపురమునకు చెందిన గోన గన్నారెడ్డిని అడివి బాపిరాజు నవలానాయకునిగా చేసినందువలననే ఆ వీరుడు తెలుగువారి యిండ్లకు వచ్చెను. రేచని కథను అట్లు చెప్పదలచువాడు మొదట కాలమును సరిచూచుకొనవలెను. ఆమనగల్లు పొలమున జొన్న, సజ్జ, కొఱ్ఱ పండింపవచ్చును. మధ్యాహ్నము రేచడు సంకటి ముద్ద తినవచ్చును. అందు నంజుకొనుటకు మిరపకాయ మాత్రము ఈయరాదు. గట్టుపై కూర్చుండి చుట్ట కాల్పింపరాదు. మిరప, పొగాకు, మొక్కజొన్న, వేరుసెనగ ఇవన్నియు అమెరికా ఖండమునుండి పదునారవ శతాబ్దిలోను, ఆ తరువాతను మనదేశమునకు వచ్చినవి. చిన్నపొరపాటే యైనను చదువరి నమ్మకము అచ్చటనే చెడును.

అంతకంటె పెద్దపరీక్ష మరియొకటి కలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1900 ప్రాంతమున ముసలమ్మ మరణము వ్రాసిరి. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెరువు తెగబోగా, ఊరిని కాపాడుటకు ఆత్మార్పణము చేసికొన్న కోడలి కథ యది. అచ్చట ప్రాణమునకు బదులు ఊరివారి ప్రాణములు దక్కినవి. రేచని కథలో దక్కినది యజమానికి ధనము. ఈ భేదమును మరుగుపరచి, రెండింటిని స్వామిభక్తి, త్యాగము అని ఒకేవిధముగా పొగడుట న్యాయము కాదు. రేచడు సంతోషముతో ముందుకు వచ్చెనని చెప్పినది బలివలన లాభము పొందిన వంశపు కథయే. ఆ పగలు పొలమునుండి ఒక్కడే తిరిగి వచ్చినపుడు రేచని తల్లి ఏమి అడిగెను? ఆలు బిడ్డలున్నచో వారికి ఎవరు చెప్పిరి? కాదనుటకు ఆ పాలేరునకు తావుండెనా? ఈ ప్రశ్నలు వంశావళిలో లేవు. అవి అడుగని నవల పాతకథకు కొత్త అట్ట మాత్రమే యగును.

అయినను ఆ కథలోనే రేచని గొంతు కొంత వినబడుచున్నది. అతడు బంగారము కోరలేదు, మాన్యము కోరలేదు. తన పేరు నిలువవలెననియు, పెండ్లిలో తనవారికి మొదటి వరుస దక్కవలెననియు కోరెను. గుడిగడప తొక్కనీయని కులమున పుట్టినవాడు దొరల సంకల్పములో తన పేరు పలికింపదలచెను. వరుసలో కడపట నిలుపబడినవాడు తనవారిని మొదట నిలుపుమనెను. ఇట్టి కోరికను ప్రభువుల కీర్తికొరకు ఎవ్వరును కల్పింపనక్కరలేదు. కథ ఎంత కల్పితమైనను, ఈ షరతు మాత్రము క్రిందివారి నోటినుండి వచ్చినదివలె తోచును. అంతరానితనముచే అవమానింపబడిన వారి వేదన అందులో నున్నది.

రాచకొండ కోట శిథిలమైనది. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన తరువాత సంస్థానములును ముగిసినవి. ఆమనగల్లు నిధి ఏమైనదో కథయే చెప్పదు. రేచర్ల యను మాట మాత్రము పెండ్లిపందిళ్లలో నేటికిని వినబడుచున్నది. పెండ్లికొడుకు గోత్రము చెప్పినపుడు అక్షతలు పట్టుకొని నిలిచినవారు ఆ మాటవెనుక ఒక పాలేరు ఉన్నాడని తెలిసికొన్ననాడు, చెవ్విరెడ్డి యిచ్చిన మాటలో ఒక పాలైనను చెల్లినట్లగును.