టెలోమియర్ల పొడవు – మొక్కల క్రోమోజోముల స్థిరత్వం

క్రోమోజోము కొనల్లో ఒకే చిన్న డీఎన్‌ఏ వరుస వందలసార్లు పునరావృతమయ్యే భాగాన్ని టెలోమియర్ అంటారు. ఎక్కువ మొక్కల్లో ఆ వరుస టీటీటీఏజీజీజీ. 1988లో దీన్ని ఆవ కుటుంబానికి చెందిన చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో గుర్తించారు. కణవిభజనల్లో కొనలు తరిగిపోతుంటే టెలోమరేజ్ ఎంజైము ఆ లోటును పూడుస్తుంది.

ఈ ఎంజైము లేని అరబిడాప్సిస్ మొక్కల్లో టెలోమియర్లు తరానికి సుమారు 250–500 క్షార జతల చొప్పున కురచనయ్యాయి. తొలి ఐదు తరాలూ మామూలుగానే పెరిగాయి. ఆరో తరం నుంచి రక్షణ కోల్పోయిన కొనలు ఒకదానితో ఒకటి అతుక్కోసాగాయి. అలా ఏర్పడిన క్రోమోజోముకు రెండు సెంట్రోమియర్లు (కణవిభజనలో క్రోమోజోమును లాగే చోట్లు) ఉంటాయి. కణవిభజనలో అవి చెరోవైపు సాగితే మధ్యలో వంతెన ఏర్పడి తెగుతుంది. తెగిన కొన మళ్లీ అతుక్కుంటుంది. మొక్కజొన్నలో ఈ చక్రాన్ని బార్బరా మెక్‌క్లింటాక్ దశాబ్దాల ముందే సూక్ష్మదర్శిని కింద చూసి వివరించడం అబ్బురం. ఆకులు వికృతమైనా, విత్తనాలు తగ్గిపోయినా కొన్ని అరబిడాప్సిస్ మొక్కలు పదో తరం దాకా నిలిచాయి.

పొడవు పెరిగినకొద్దీ స్థిరత్వం పెరుగుతుందని మాత్రం అనుకోకూడదు. పొగాకులో టెలోమియర్ లక్ష క్షార జతలు దాటవచ్చు. అరబిడాప్సిస్‌కు 2–5 వేలు చాలు. వెయ్యికి దిగువకు పడినప్పుడే అతుక్కునే ముప్పు మొదలవుతుంది.