టైటానిక్ నుంచి గడ్డకట్టిన చెరువు దాకా: సోనార్ కోన్ ఎంత వెడల్పు ఉండాలి?

మాది తుర్కయాంజాల్. సాగర్ రోడ్డు మీద పోతుంటే కనిపించే మాసబ్ చెరువు మా ఊరిదే. నా చిన్నప్పుడు మా తాత తాడుకి రాయి కట్టి నీళ్లలోకి వదిలేవాడు, తడిసిన తాడుని మూరలతో కొలిచి లోతు చెప్పేవాడు.

మొన్న అమెరికాలో మిన్నెసోటాలో ఉండే మా బాబాయి కొడుకు ఫోన్ చేసిండు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకడతాయి. ఆ మంచుకి బొక్క కొట్టి, గాలం వేసి చేపలు పడతారు. "అన్నా, నీళ్ల కింద చేపల్ని చూపించే సోనార్ కొంటున్నా. 9 డిగ్రీలది తీసుకోవాల్నా, 20 డిగ్రీలదా?" అని అడిగిండు. వాడి ప్రశ్న వెనక వందేళ్ల చరిత్ర ఉంది. అది కూడా మంచుతోనే మొదలైంది.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మంచుకొండని గుద్దుకుని మునిగింది. 1500 మందికి పైగా చనిపోయారు. చీకట్లో మంచుకొండని ముందే ఎలా కనిపెట్టాలి? కెనడాలో పుట్టిన రెజినాల్డ్ ఫెసెండెన్ నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినే యంత్రం చేశాడు. 1914 ఏప్రిల్‌లో మయామి అనే ఓడ మీద పరీక్షిస్తే, సుమారు 2 మైళ్ల దూరంలో ఉన్న మంచుకొండ దొరికింది. కానీ అది ఏ దిక్కున ఉందో మాత్రం యంత్రం చెప్పలేకపోయింది!

ఎందుకంటే ఆ శబ్దం సెకనుకి 540 కంపనాలది. నీళ్లలో దాని తరంగం పొడవు దాదాపు 2.8 మీటర్లు. శబ్దం పుట్టించే ముఖం తరంగం కంటే చిన్నదైతే, శబ్దం అన్ని దిక్కులా పాకిపోతుంది. ముందు ప్రమాదం ఉందని తెలుసు, ఓడని ఎటు తిప్పాలో తెలియదు.

దీనికి దారి చూపింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల్ని పట్టుకోవడానికి ఆయన 1917లో క్వార్ట్జ్ స్ఫటికాలు వాడి, మన చెవికి వినపడని శబ్దం పుట్టించాడు. తరంగం కొన్ని సెంటీమీటర్లకి తగ్గింది, శబ్దం ఒకే వైపు సన్నటి కిరణంలా పోయింది. 1918లో కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న జలాంతర్గామి ప్రతిధ్వని వినిపించింది.

యుద్ధపు పనిముట్టు తర్వాత చేపల వేటకి వచ్చింది. 1948లో జపాన్‌లోని నాగసాకిలో ఫురునో అన్నదమ్ములు చేపల్ని కనిపెట్టే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చారు. 1950ల చివర్లో అమెరికాలో లారెన్స్ కంపెనీ చేత్తో మోసుకుపోయే చిన్న ఆకుపచ్చ డబ్బా చేసింది. అలా సోనార్ మామూలు మనిషి చేతికొచ్చింది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకొద్దాం. పల్లీల పొట్లాన్ని తలకిందులు చేసి, మొన పైకి పెట్టినట్టు ఊహించుకోండి. సోనార్ చూసే చోటు అట్లుంటది. 20 డిగ్రీల కోన్ లోతులో మూడోవంతు వెడల్పు చూస్తుంది, 9 డిగ్రీలది దాదాపు ఆరోవంతు. 3 మీటర్ల లోతులో 9 డిగ్రీలది అర మీటరు కూడా చూపించదు, అక్కడ 20 డిగ్రీలదే నయం. 15 మీటర్ల లోతులో మాత్రం 20 డిగ్రీలది 5 మీటర్లకు పైగా వెడల్పు చూస్తుంది.

ఎక్కువ చూస్తే మంచిదే కదా అనుకుంటాం. కానీ కోన్ అంచుకి దూరం ఎక్కువ. నేరుగా కింద ఉన్న అడుగు నుంచి ప్రతిధ్వని ముందే వచ్చేస్తుంది, అంచున అడుగుకి దగ్గరగా ఉన్న చేప అందులో కలిసిపోతుంది. 15 మీటర్ల లోతులో 20 డిగ్రీల కోన్ అంచున, అడుగు నుంచి 23 సెంటీమీటర్ల లోపు ఉన్న చేప కనిపించదు. 9 డిగ్రీలదైతే ఆ దాపు 5 సెంటీమీటర్లే.

ఈ లెక్క చేపలకే కాదు. మన నాగార్జున సాగర్ సామర్థ్యం మొదట్లో 408 టీఎంసీలు, ఇప్పుడు లెక్క 312 టీఎంసీలు. జలాశయాల్లో పూడికని కొలవడానికి పడవ మీద ఎకో సౌండర్ పెట్టి తిరుగుతారు. వాలు ఉన్న చోట వెడల్పు కోన్ వాడితే, పక్కనున్న గట్టు ప్రతిధ్వనే ముందొచ్చి, అసలు కంటే తక్కువ లోతు చూపిస్తుంది. అంటే లేని పూడిక ఉన్నట్టు లెక్కలోకొస్తుంది. అవి మనం తాగే నీళ్లు!

"నువ్వు పట్టే చేప ఏది, ఎంత లోతు?" అని తమ్ముణ్ని అడిగిన. "వాల్‌ఐ. 15 మీటర్లు. అడుగునే ఉంటది."

"అయితే 9 తీసుకో."

"మరి పక్కనున్న చేపలు కనిపించవు కదన్నా?"

"కనిపించవు. ఇంకో బొక్క కొట్టి చూడు." మా తాత కూడా ఒక్క చోట రాయి వేసి లోతు చెప్పేవాడు కాదు. తాడు చుట్టుకుని నాలుగు చోట్ల వేసేవాడు.