రక్తానికి ఇద్దరు కావలివారు

పత్తికి, నూలుకు పేరుపడిన ఊరు చిలకలూరిపేట. దాపున గణపవరంలో నూలు మిల్లులు అనేకం ఉన్నవి. ఏళ్ళ తరబడి పత్తిధూళి పీల్చిన కార్మికులలో కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సెలవు గడిచి మిల్లుకు వచ్చిన మొదటిరోజున రొమ్ము బిగబట్టినట్లుండడం దీనికి తొలి గుర్తు. చుట్ట, బీడీ, కట్టెలపొయ్యి పొగ కూడా ఊపిరితిత్తులకు చేటే. ఇట్టివారికి మూత్రపిండాలు సైతం చెడి, యంత్రంతో రక్తశుద్ధి, అనగా డయాలిసిస్, అవసరమైతే వైద్యునికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ చిక్కు తెలియవలెనంటే కొంత చరిత్ర చూడవలెను.

మన రక్తం స్వల్పంగా క్షారగుణం కలది. దాని పి.హెచ్. 7.35కు, 7.45కు నడుమ నిలవవలెను. ఇందుకు ఇద్దరు కావలివారు. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతాయి. మూత్రపిండాలు తక్కిన ఆమ్లాలను వెడలగొట్టి, బైకార్బొనేట్ అనే క్షారాన్ని నిలుపుతాయి. ఒకరు నీరసిస్తే రెండవవారు ఆ బరువు కొంత మోస్తారు. ఊపిరి మందగించి బొగ్గుపులుసు వాయువు పేరుకుంటే, మూత్రపిండాలు మరింత బైకార్బొనేట్‌ను దాచి తూకం సరిచేస్తాయి.

రోగంలో రక్తం తన క్షారాన్ని కోల్పోతుందని తొలుత గుర్తించినవారిలో విలియం ఓషానెస్సీ ఒకరు. 1831-32లో ఇంగ్లండులో కలరా చెలరేగినప్పుడు రోగుల రక్తాన్ని పరీక్షించి ఆయన ఈ సంగతి వెల్లడించినారు. తరువాత మన దేశంలో తంతి మార్గాలు వేయించినది కూడా ఈయనే.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినది. ఊపిరాడని రోగుల రక్తంలో బైకార్బొనేట్ అధికంగా కనిపించగా, క్షారం హెచ్చినదని వైద్యులు తలచినారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు ఒప్పుకొనలేదు. బొగ్గుపులుసు వాయువు బయటికి పోకనే ఆ అంకె పెరిగినదనీ, రక్తం నిజానికి ఆమ్లమవుతున్నదనీ ఆయన వాదించినారు. పి.హెచ్. కొలిచి చూడగా ఆయన మాటే నిజమైనది. విద్యార్థులు వంతులవారీగా చేతితో సంచి నొక్కి గాలి ఊదగా, ఎందరో బ్రతికినారు. ఒక్క అంకెను చూచి మోసపోరాదన్నది ఆనాటి పాఠం.

అప్పటికే హాలండులో విలెం కోల్ఫ్ 1943లో సెల్లోఫేన్ గొట్టం చుట్టిన పీపాతో కృత్రిమ మూత్రపిండాన్ని నడిపి ఉన్నారు. మన దేశంలో 1961లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డయాలిసిస్ జరిగినది. యంత్రపు ద్రవంలో బైకార్బొనేట్‌ను సున్నంతో కలిపి నిలవ ఉంచితే సుద్దవలె పేరుకొనిపోయేది. ఈ ఇబ్బంది తప్పించడానికి 1964లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ బృందం అసిటేట్‌ను వాడినది. శరీరమే దానిని బైకార్బొనేట్‌గా మార్చుకొంటుంది. కాని ఆ విధానంలో బొగ్గుపులుసు వాయువు కొంత యంత్రంలోకి పోయేది. దానితో ఊపిరి మందగించి, రక్తంలో ప్రాణవాయువు తగ్గేది. ఊపిరితిత్తుల జబ్బు కలవారికి ఇది ప్రమాదం. రెండు ద్రావణాలను వేరువేరుగా ఉంచి అప్పటికప్పుడు కలిపే యంత్రాలు వచ్చి, 1980ల నుంచి బైకార్బొనేట్ తిరిగి వాడుకలోకి వచ్చినది.

అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. రక్తంలోకి వచ్చిన బైకార్బొనేట్ ఆమ్లంతో కలిస్తే మళ్ళీ బొగ్గుపులుసు వాయువే పుడుతుంది. ఆరోగ్యవంతుడు దానిని ఊది పారవేస్తాడు. ఊపిరితిత్తులు చెడినవాడు వెనుకబడవచ్చును. క్షారం మితిమీరితే ఊపిరి ప్రేరణ తగ్గవచ్చును. బొత్తిగా తక్కువైతే, పేరుకొన్న వాయువును సరితూచడానికి మూత్రపిండాల సాయం లేనందున రక్తం ఆమ్లమవుతుంది. ఇద్దరు కావలివారూ అలసిన ఇంట తూకం నిలిపే బాధ్యత యంత్రంపైనా, దానిని నడిపేవారిపైనా పడుతుంది.

కాబట్టి ఇట్టి రోగికి అందరికీ వాడే కొలతే చాలదు. ధమని రక్తంలో పి.హెచ్.ను, బొగ్గుపులుసు వాయువును కూడా చూచి, ద్రవంలోని బైకార్బొనేట్‌ను వైద్యుడు నిర్ణయించవలెను. ఇంటివారు చేయగలిగిన మేలు ఒకటున్నది. దీర్ఘకాలపు దగ్గు, ఆయాసం, మిల్లులో గడిపిన ఏళ్ళు, పొగ అలవాటు, ఇవన్నీ డయాలిసిస్ చేసేవారికి ముందే చెప్పవలెను. చికిత్స నడుమ మగత, తలనొప్పి, ఆయాసం కలిగితే వెంటనే తెలుపవలెను. వైద్యుని సలహా లేక వంటసోడా తినిపించడం గాని, ప్రాణవాయువు మోతాదు పెంచడం గాని తగదు. బొగ్గుపులుసు వాయువు పేరుకొన్నవారికి ప్రాణవాయువు మితిమీరినా కీడే.