గోడకు ఇటు కవిత్వం, అటు ఉచ్చారణ

జహీరాబాద్‌లో ఇంటర్ అయిన పిల్ల ఇంగ్లిష్ సాహిత్యం చదువుతానంటే ఇంట్లో పడే మొదటి ప్రశ్న, "కథలు సదివితే ఇంగ్లిష్ మాట్లాడొస్తదా?" పెద్ద పెద్ద యూనివర్సిటీలు కూడా తేల్చుకోలేకపోయిన ప్రశ్న అది. ఆక్స్‌ఫర్డ్‌లో 1894లో ఇంగ్లిష్ విభాగం మొదలైనప్పుడు, ప్రాచీన ఆంగ్లమూ పదాల పుట్టుకా చెప్పాలన్న వాళ్లు ఒకవైపు, కావ్యాలు చాలన్న వాళ్లు మరోవైపు నిలిచారు.

మన దగ్గర కథ ఇంకో దారి పట్టింది. జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉంది, నిజాం ఏలుబడి చూసిన ఊరు. హైదరాబాద్‌లో 1887లో పుట్టిన నిజాం కాలేజీ మద్రాసు యూనివర్సిటీ కింద ఇంగ్లిష్‌లో నడిచింది. ఉస్మానియాలో 1919లో తరగతులు మొదలైతే బోధన ఉర్దూలో సాగింది. అయినా ఇంగ్లిష్ ప్రతి విద్యార్థికీ తప్పనిసరి. చరిత్రా, రసాయనశాస్త్రమూ అనువాదశాలలో ఉర్దూగా మారి వచ్చాయి. ఇంగ్లిష్ పాఠాన్ని మాత్రం అలా మార్చే వీల్లేదు కదా!

1948లో నిజాం ఏలుబడి ముగిసిన తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిష్ వచ్చింది. పాఠ్యాంశాల్లో ఒకటిగా ఉన్నది అన్ని పాఠాలకూ వాకిలి అయింది. ఊళ్ల నుంచి వచ్చిన వాడికి వర్డ్స్‌వర్త్ కన్నా ముందు వాక్యం కావాలి. దేశమంతటా ఇదే అవస్థ. టీచర్లకు భాష నేర్పే పద్ధతి చెప్పడానికి 1958లో హైదరాబాద్‌లో కేంద్ర ఇంగ్లిష్ సంస్థ వెలిసింది. 1972లో విదేశీ భాషలు కలుపుకుని సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. ఉస్మానియా ఇంగ్లిష్ శాఖ దానికి పొరుగునే. గోడకు ఇటు షేక్‌స్పియర్, అటు ధ్వనిశాస్త్రం అని చెప్పుకోవడం బాగానే ఉంటుంది కానీ, సీఫెల్‌లోనూ సాహిత్యం చెప్పారు, ఇటు ఎం.ఏ.లోనూ భాష పేపరు ఉండేది. చిక్కల్లా ఆ రెంటినీ ఒకే గంటలో చెప్పకపోవడమే.

రెండూ కలిపి చెబితే ఏం దొరుకుతుందో తెలియాలంటే షేక్‌స్పియర్ హామ్లెట్‌లో తల్లీకొడుకుల గొడవ చూడండి. తల్లి కొడుకును 'దౌ' అంటుంది, కొడుకు 'యూ' అని బిగుసుకుని జవాబిస్తాడు. భాష చరిత్ర తెలియనివాడికి రెండూ ఒకటే. నాలుగువందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఒకటి చనువు, రెండోది దూరం. కొడుకు జవాబులోని కసి అక్కడే ఉంది. తెలంగాణ ఇళ్లలో పెద్దవాళ్లనూ నువ్వు అనేస్తాం కాబట్టి మన తెలుగు ఇక్కడ అంత అక్కరకు రాకపోవచ్చు. కానీ జహీరాబాద్ బజారులో తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడం, మరాఠీ విని పెరిగిన పిల్లకు ఉర్దూలోని 'తూ', 'ఆప్' తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆప్ అనాల్సిన చోట తూ అన్నందుకు కొట్టు ముందు జరిగిన పోట్లాటలు తనకు తెలుసు.