అనంతపురం ఎన్నికల్లో రాజకీయ వ్యూహకర్తలు

సర్వేలు, నినాదాలు, అభ్యర్థుల వడపోత, సామాజిక మాధ్యమాల ప్రచారం వంటి పనులను పార్టీలకు వృత్తిగా చేసిపెట్టేవారే రాజకీయ వ్యూహకర్తలు. తెలుగునాట ఈ వృత్తిని ఇంటింటి మాటగా చేసినవాడు బీహార్‌కు చెందిన ప్రశాంత్ కిశోర్. 2014లో నరేంద్ర మోదీకీ, 2015లో నితీశ్ కుమార్‌కూ పనిచేసిన ఆయనను 2017 జూలైలో గుంటూరు దగ్గర జరిగిన వైసీపీ ప్లీనరీలో జగన్‌మోహన్ రెడ్డి కార్యకర్తలకు పరిచయం చేశారు. 2019లో ఆ పార్టీకి రాష్ట్రంలో 175కి 151, ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14కి 12 స్థానాలు దక్కాయి. గెలిపించింది కిశోర్ సంస్థ ఐప్యాకే అన్న మాట అప్పుడే పాతుకుపోయింది. కరవు సీమ ఫలితాలను వరుసగా పెట్టి చూస్తే అది నిలవదు.

2014లో ఇవే 14 స్థానాల్లో 12 తెలుగుదేశానివి. 2019లో అన్నే వైసీపీవి. 2024లో మొత్తం తెలుగుదేశం కూటమివి. గాలి రాష్ట్రమంతా ఒకవైపు వీస్తే ఈ జిల్లా కూడా గట్టిగా అటే వంగుతుంది. 2024లోనూ వైసీపీకి పనిచేసింది ఐప్యాకే. కాకపోతే కిశోర్ అప్పటికే తప్పుకున్నారు. ఆ లోటే ఓటమికి కారణమని వాదించవచ్చు. కానీ 2017లో ఆయనుండగానే ఉత్తరప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు ఏడు స్థానాలే వచ్చాయి. 2025లో బీహార్‌లో ఆయన సొంత పార్టీ జన్ సురాజ్ ఖాతా తెరవలేదు. సర్వేల జోరు నడిచిన 2024లో వైసీపీ కళ్యాణదుర్గం ఎమ్మెల్యేను పెనుకొండకు, పెనుకొండ ఎమ్మెల్యేను అనంతపురం లోక్‌సభకు, అక్కడి ఎంపీని కళ్యాణదుర్గానికి మార్చింది. ముగ్గురూ ఓడారు. కాగితం మీద కులాల లెక్క కుదిరి ఉండవచ్చు గానీ, ఊరి ఓటరుకు ఎదురుగా నిలబడింది మాత్రం కొత్త మనిషి.

వ్యూహకర్త లేకుంటే పనులే ఓట్లు తెస్తాయా అంటే, అదీ కాదు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు, పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం చూపించుకున్న తెలుగుదేశం 2019లో హిందూపురం, ఉరవకొండ మాత్రమే గెలుచుకుంది. ధర్మవరంలో వీధివీధీ తిరిగి, ఆ వీడియోలతో రాష్ట్రమంతటా పేరు తెచ్చుకున్న వైసీపీ ఎమ్మెల్యే కేతిరెడ్డి వెంకట్రామిరెడ్డి 2024లో 3,734 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇంత స్వల్ప తేడా ఉన్నచోట ఒక మంచి నినాదమో, సరైన బూత్ జాబితానో ఫలితాన్ని మార్చగలదన్న అభ్యంతరం సమంజసమే. వ్యూహకర్తకు నిజమైన చోటు అదే. అయితే స్థానిక ఎన్నికల్లో ఆ చోటు మరీ ఇరుకు. 2021 మార్చిలో పురపాలక సంఘాలను వైసీపీ దాదాపుగా ఊడ్చేసినప్పుడు తాడిపత్రిలో 36 వార్డులకు తెలుగుదేశం 18 గెలిచింది. జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. వార్డులో ఎవరి మాటకు ఎవరు కట్టుబడతారో దశాబ్దాలుగా ఎరిగిన కుటుంబం ఆయనది. ఆ ఎరుక ఏ సర్వే పట్టికకూ ఎక్కదు. అది మంచి రాజకీయమా అన్నది వేరే ప్రశ్న.