గాడ్జిల్లా వెనక ఒక పడవ

అమెరికా వచ్చిన కొత్తలో మా ఊరి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న డివిడిలో మొదటిసారి గాడ్జిల్లాను చూశాను. రబ్బరు తొడుగులో మనిషి, అగ్గిపెట్టెల్లాంటి మేడలు. విఠలాచార్య సినిమాలు గుర్తొచ్చి హాయిగా నవ్వుకున్నాను. నేను చూసింది కత్తిరించిన సినిమా అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అసలు కథ 1954 మార్చి 1న మొదలవుతుంది. ఆ వేకువన బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. 6 మెగాటన్నులు అనుకున్నది 15 మెగాటన్నులతో పేలింది. సుమారు 160 కిలోమీటర్ల దూరాన, ప్రమాద ప్రాంతమని ప్రకటించిన హద్దుకు వెలుపల, ట్యూనా చేపలు పడుతున్న ‘దైగో ఫుకుర్యూ మారు’ అనే జపాన్ పడవ మీద తెల్లటి బూడిద కురిసింది. పడవలోని 23 మందీ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటర్ కుబోయామా సెప్టెంబరు 23న చనిపోయాడు.

ఆరు వారాలు తిరక్కుండానే, నవంబరు 3న, తోహో సంస్థ ‘గొజిరా’ను విడుదల చేసింది. మొదటి దృశ్యమే సముద్రం మీద కళ్ళు చెదిరే వెలుగు, తగలబడే పడవ. అది ఏ పడవను తలపిస్తోందో జపాన్ ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దర్శకుడు ఇషిరో హోండా 1946లో యుద్ధం నుంచి తిరిగొస్తూ హిరోషిమా శిథిలాలను చూసినవాడు. ట్రిక్కు పనివాడు త్సుబురాయాకు ‘కింగ్ కాంగ్’లా బొమ్మను అంగుళం అంగుళం కదిలించి తీయాలని ఉండేది. అంత వ్యవధి లేక మనిషికి తొడుగు వేశారు. సంగీత దర్శకుడు ఇఫుకుబె కాంట్రాబాస్ తీగలను వదులుచేసి, జిగురు పూసిన తోలు తొడుగుతో రుద్ది ఆ గర్జన పుట్టించాడు.

1956లో ఈ సినిమా అమెరికాకు వచ్చింది. 96 నిమిషాలది 80 అయింది. రేమండ్ బర్ అనే నటుణ్ణి విలేఖరిగా కొత్తగా చొప్పించారు. నాగసాకి నుంచి బతికి బయటపడ్డానన్న అమ్మాయి మాట పోయింది. పరీక్షలు ఆపకపోతే ఇంకో గొజిరా వస్తుందన్న ముసలి శాస్త్రజ్ఞుడి హెచ్చరికా పోయింది. నేను నవ్వుకున్నది ఈ మిగిలినదాన్ని చూసి. కోత లేని సినిమా అమెరికా థియేటర్లకు విస్తృతంగా రావడానికి 2004 దాకా పట్టింది.

2023లో మా అబ్బాయితో టోక్యో వెళ్ళాను. షింజుకులో తోహో భవనం మీద 2015లో పెట్టిన గాడ్జిల్లా తల దగ్గర వాడు కేరింతలు కొట్టాడు. మర్నాడు షిన్-కిబా స్టేషన్‌లో దిగి యుమెనోషిమా పార్కుకు తీసుకెళ్ళాను. ఒకప్పుడది చెత్తతో పూడ్చిన దీవి. పాతబడ్డాక ఆ చెత్తలోనే వదిలేసిన దైగో ఫుకుర్యూ మారును జనం పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 1976 నుంచి అది ప్రదర్శనశాలలో ఉంది. చెక్క పడవ, సుమారు 30 మీటర్లు. ఇలా బలయ్యేవాళ్ళలో తానే ఆఖరివాడు కావాలన్న కుబోయామా కోరికను పక్కనే రాతి మీద చెక్కారు.

“బాంబు వేసింది ఎవరు నాన్నా?” అన్నాడు వాడు. వాడు పుట్టిన దేశం, నాకు అన్నం పెడుతున్న దేశం. ఒక్క క్షణం తటపటాయించాను. నేనూ కత్తెర పట్టుకున్నానేమో అనిపించి, ఉన్నదున్నట్టు చెప్పాను.

పిల్లలతో చూడదలచినవాళ్ళు ఆ 96 నిమిషాల సినిమానే వెతికి తెచ్చుకోండి.