దమయంతి కడుపున పుట్టిన లీలావతి

కొల్లాపూర్ సంస్థానంలో ఆ రాత్రి సురభి వాళ్ల నాటకం. దమయంతి వేషం కట్టింది వెంకూబాయి. నిండు గర్భిణి. అయినా వేషం మానలేదు. ఆ కంపెనీలో ఆడవాళ్లకు ముఖానికి రంగు వేసుకోవడం పొయ్యి రాజేసుకోవడం లాంటిదే. ఒళ్లు బాగాలేదని పొయ్యి ఆర్పేస్తామా?

నాటకం నడుస్తుండగా నొప్పులు మొదలయ్యాయి. దమయంతి కష్టాలు అందరికీ తెలిసినవే కనుక ఆ మూలుగును కూడా జనం నటనే అనుకున్నారు. అక్కడే, రంగస్థలం మీదనే, ఆడపిల్ల పుట్టింది. సంగతి తెలిసిన ప్రేక్షకులు డబ్బుల వాన కురిపించారని సురభి కుటుంబాల్లో చెప్పుకుంటారు. అది 1908 ప్రాంతం. ఆ పిల్లే కమలాబాయి, తెలుగు సినిమాకు మొదటి కథానాయిక.

కృష్ణకు అటు కొల్లాపూర్, ఇటు మా కర్నూలు సీమ. పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ జాతరకు కురుక్షేత్రమో సత్యహరిశ్చంద్రో ఆడతారు. మగవేషాలు ఊరివాళ్లవే. హార్మోనిస్టును పెట్టుకొని నెలల తరబడి పద్యాలు నేరుస్తారు. ద్రౌపదికి, చంద్రమతికి మాత్రం ఏ కర్నూలు నుంచో ఆదోని నుంచో కళాకారిణిని మాట్లాడుకొని తెచ్చుకుంటారు. ఊరి ఆడబిడ్డకు ఆ వేషం ఇవ్వరు. రాత్రంతా ఆమె పద్యానికి ‘వన్స్‌మోర్’ అని అరిచిన నోళ్లే తెల్లారితే ఆమెను చులకనగా మాట్లాడతాయి. ఈ కాలంలోనే ఇట్లుంటే, నూరేళ్లకు ముందు ఒక ఆడది తన పేరు పెట్టుకొని రంగస్థలం ఎక్కడమంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి.

ఆ గుండె సురభికి ఉండింది. 1885లో కడప జిల్లా చక్రాయపేట దగ్గరి సురభి గ్రామంలో వనారస వాళ్లు కీచకవధ ఆడారు. మహారాష్ట్ర నుంచి వచ్చిన కుటుంబాలవి, అంతకుముందు తోలుబొమ్మలాడించి బతికినవాళ్లు. ఆ రోజు తోలుబొమ్మలను పక్కనపెట్టి మనుషులే వేషాలు కట్టారు. ఊరి పేరే కంపెనీ పేరయింది. వనారస గోవిందరావు దాన్ని ఊరూరా నడిపించాడు. తక్కిన తెలుగు నాటకాల్లో మీసాలు తీసిన మగవాళ్లు ఆడవేషాలు కడుతున్న కాలంలో ఇక్కడ తల్లీ, కోడలూ, కూతురూ రంగు వేసుకున్నారు. పిల్లలకు నడకతో పాటే నటన వచ్చేది. కమలాబాయి చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడు. పెద్దయ్యాక ఆడవేషాలతో పాటు మగవేషాలూ కట్టింది.

1931 మార్చిలో బొంబాయిలో మన తొలి టాకీ ‘ఆలంఆరా’ మాట్లాడింది. దాన్ని తీసిన అర్దేషిర్ ఇరానీ చూపు దక్షిణాది మీద పడింది. హెచ్.ఎం.రెడ్డి దర్శకుడు. అప్పటికే సురభి వాళ్లు ఊరూరా ఆడుతున్న ప్రహ్లాద నాటకాన్ని తెరకెక్కించాలనుకున్నారు. ఆ నాటకం రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులది బళ్లారి, పత్తికొండ నుంచి ఆలూరు మీదుగా పడమటికి పోతే వచ్చే ఊరే.

ఆ ప్రహ్లాద సినిమా తీసే స్టూడియోలో కమలాబాయి ఎట్లా నిలబడి ఉంటుందో ఊహించండి. సురభి పందిట్లో పద్యం ఎత్తుకుంటే చివరి వరుసలో వాడు ఈల వేస్తాడు. ఇక్కడ ఈల లేదు, ఎవరైనా దగ్గితే సీను పాడవుతుంది. నేపథ్యగానం అప్పటికింకా రాలేదు. నటిస్తూనే పాడాలి. కొడుకుకు విషమిమ్మని ఆజ్ఞాపించే మొగుడికీ, హరినామం విడవని బిడ్డకూ నడుమ నలిగే తల్లి లీలావతి వేషం ఆమెది. చందాల కేశవదాసు రాసిన పాటలు, హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, ఒక చిన్న వేషంలో తర్వాతి కాలపు ఎల్.వి.ప్రసాద్. వీళ్లందరి నడుమ చిన్నప్పుడే ప్రహ్లాదుడి వేషం కట్టి, ఆ కథంతా నోటికొచ్చిన మనిషి ఆమె. ఆ పాతికేళ్లలోపు పిల్ల ఏ శిక్షణా లేకుండా కెమెరా ముందుకు వచ్చిందని అనుకుంటే పొరపాటు. పుట్టినప్పటినుంచీ ఆమె శిక్షణలోనే ఉంది.

‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నాం. సెన్సారు 1932 జనవరి 22న అయిందనీ, బొంబాయి కృష్ణా సినిమాలో ఫిబ్రవరి 6న విడుదలైందనీ పరిశోధకుడు రెంటాల జయదేవ తేల్చారు. ఎంతో విలువైన పని అది. అంత శ్రద్ధ ఆ సినిమా కథానాయిక మీదా పెట్టాల్సింది. ఆమె గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

అదే 1932లో సాగర్ కంపెనీ కోసం సర్వోత్తమ్ బాదామి తీసిన ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణ సరసన శకుంతల. ఆ తర్వాత కొన్నేళ్లు బొంబాయిలో హిందీ చిత్రాలు. తెలుగు సినిమా మద్రాసులో స్థిరపడి కొత్త కథానాయికలను వెతుక్కుంటున్నప్పుడు ఆమె తల్లి వేషాలకు వచ్చేసింది.

ఆ తల్లుల్లో ఒకరిని అందరూ చూసే ఉంటారు. 1951 మార్చి 15న ‘పాతాళభైరవి’ విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. నిర్మాత నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. ఉజ్జయిని కోటలో తోటపని చేసుకుంటూ, దుడుకు కొడుకు ఎప్పుడు ఏం తెచ్చిపెడతాడో అని హడలిపోయే తోటరాముడి తల్లి కమలాబాయి. ఎన్టీఆర్ సాహసం, ఎస్వీ రంగారావు మంత్రవిద్య మధ్య ఆ అమాయకపు తల్లి చిన్న పాత్రే. కానీ రాజకుమారి కోసం ప్రాణాలకు తెగించే ఆ కుర్రాడు ఒక పేదింటి బిడ్డ అని మనకు గుర్తు చేసేది ఆవిడే. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి ఆ సినిమా వెళ్లింది.

1971లో ఆమె కన్నుమూసింది. సురభి సమాజాలు ‘పాతాళభైరవి’ని నాటకంగానూ ఆడతాయి. అందులో రాముడి తల్లి వేషం ఇప్పటికీ సురభి ఇంటి ఆడబిడ్డలే కడతారు.